నెలకో భోగి పెట్టిన రాజు

అనగనగా ఒక ఊళ్ళో... ఆగండాగండి. ముందే చెప్తున్నా, ఈ కథ చెప్తుంటే నాకు కోపం వస్తుంది. మా అమ్మ చెప్పినప్పుడు ఆవిడకీ వచ్చేది, మధ్యలో లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేది. కనక నేను అరిస్తే మిమ్మల్ని కాదు, ఆ రాజుని. ఒరే కన్నారావూ, కాళ్ళు ముడుచుకో. వేదా, నువ్విటు రా. ఊ కొట్టడం మానేస్తే మాత్రం, అప్పుడు అరిచేది మిమ్మల్నే.

అనగనగా గుమ్మడిపాలెం అనే ఊళ్ళో ఒక రాజుండేవాడు. పేరు బారెడు, నాకు నోరు తిరగదు. ఊళ్ళోవాళ్ళు చాటున కొత్తరాజు అనేవారు. మొదట్లో మామూలు మనిషేనట. ఒకసారి పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చి, శుభ్రంగా భోంచేసి, చెయ్యి కడుక్కుంటూ, ఏవిటోనయ్యా మీ ఇంట్లో అంతా పాత వాసనేస్తోంది అన్నాడట. అంతే! తిన్నవాడు తిని పోయాడు, విన్నవాడికి నిద్ర పోయింది. ఇల్లంతా తిరిగి మంచం వాసన చూశాడట, కుర్చీ వాసన చూశాడట, తాతగారి పల్లకీ వాసన చూశాడట. అన్నీ పాత వాసనే. పాతవాటికి పాత వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా? ఆ ముక్క చెప్పే మనిషి ఆ కోటలో ఒక్కడు లేడు.

భోగినాడు మనం ఏం చేస్తాం? పుచ్చిపోయినవీ, ఇక పనికిరానివీ ఏరి మంటలో వేస్తాం. ఏడాదికి ఒక్కరోజు. ఈ మహానుభావుడు నెలకో భోగి అన్నాడు. కోటలో సామానంతా తగలబెట్టి కొత్తది చేయించాడు. నెల తిరిగేసరికి అది పాతదైపోయింది కదా, మళ్ళీ తగలబెట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఊళ్ళోకి వెళ్తుంటే పాత తలుపులూ పాత మంచాలూ కంటికి ఆనలేదట. చాటింపు వేయించాడు. ప్రతి నెలా అమావాస్య మర్నాడు, పాడ్యమి పొద్దున్నే, భటులు ఇంటింటికీ వస్తారు. పాతదేది కనపడితే అది మంటలోకి. మళ్ళీ పాట ఒకటి వాళ్ళకి!

పాత చేట, పాత పీట,
పాత మంచం, పాత కంచం,
పాత తలుపు, పాత గొళ్ళెం,
పడెయ్ పడెయ్ మంటలో!

ఊ కొడుతున్నారా? కొట్టండి.

కొండమ్మ అనే ఆవిడ తొమ్మిదిమంది పిల్లల్ని ఊపిన ఉయ్యాల తొట్టి తీసుకుపోయారు. ఒక ముసలాయన తండ్రి చేతి కర్ర తీసుకుపోయారు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన కవ్వం ఇవ్వనని ఒకావిడ గుండెలకి హత్తుకుంటే, వేళ్ళు విడదీసి లాక్కుపోయారట. కొత్తొక వింత పాతొక రోత అని ఎవడన్నాడో గానీ, వాడు ఒక్కరోజు కూడా ఇల్లు ఊడ్చిన మనిషి కాదు.

ఎవ్వరూ ఎందుకు మాట్లాడలేదు అంటావా వేదా? వాళ్ళకి నోరు లేదా అంటావా? ఉంది, అన్నం తినడానికి ఉంది. పక్కింటి మంచం కాలుతుంటే, మనింట్లో మంచం ఇంకా ఉంది కదా అని, ఆ మంట దగ్గరే నిలబడి చలి కాచుకున్నారట. రాజు మీద కన్నా వాళ్ళ మీదే నాకు ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

ఆ ఊళ్ళోనే వరహాలు అని ఒక కోడలు పిల్ల ఉండేది. మొగుడు సరుకుల పడవ మీద పోయేవాడు, రెండు నెలలకోసారి వచ్చేవాడు. ఇంట్లో తనూ, అత్తగారు నరసాయమ్మా. నరసాయమ్మకి కళ్ళల్లో పువ్వు వేసి పదేళ్ళుగా చూపు లేదు. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదట. ఆవిడకి దారి ఎలా తెలుస్తుందనుకున్నారు? ఇల్లే చెప్పేది. మంచం వదిలితే ముక్కాలిపీట. పీట వదిలితే స్తంభం. స్తంభం వదిలితే భోషాణం పెట్టె. పెట్టె వదిలితే ఊరగాయ జాడీ. జాడీ వదిలితే నీళ్ళ బిందె. పెట్టెకి ఒక మూల ఇత్తడి గుబ్బ ఊడింది, అక్కడ వేలు పడితే వంటింటి వైపని గుర్తు. స్తంభం మీద చేతి ఎత్తున అరిగి నున్నబడింది, అక్కడ చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేది. పదేళ్ళ నడక ఆ కర్రలో ఉంది.

మొదటి భోగికి భటులు వచ్చి ముక్కాలిపీట పట్టుకుపోయారు. ఒక కాలు వంకరట. వంకరైతే వాళ్ళకేం పోయింది?

మర్నాడు నరసాయమ్మ మంచం దిగి, అలవాటుగా పీట కోసం చెయ్యి చాపింది. పీట లేదు. ఉత్త గాలి. ముందుకి తూలి పడి నుదురు చిట్లింది. నెత్తురు తుడుస్తుంటే కోడల్ని పట్టుకుని, ఇదెవరి ఇల్లే, నన్నెక్కడికి తీసుకొచ్చావే, మనింటికి పోదాం పదవే అని చంటిపిల్లలా ఏడ్చిందట. మూడు రోజులు మంచం దిగలేదు. కాలు కింద పెట్టమంటే వణికిపోయేది. ఒక్క పీట పోతేనే ఇలా ఉంటే, స్తంభం, పెట్టె, జాడీ పోయిననాడు ఆవిడ ఆ మంచం మీదే బతకాలి, ఆ మంచం మీదే పోవాలి. ఆ మంచం మాత్రం ఉంచుతారా?

వరహాలుకి కడుపు మండిపోయింది. ఏడవలేదు. ఆ పిల్లది ఏడ్చే కోపం కాదు, పనిచేసే కోపం. పళ్ళు బిగబట్టి జాజు, అదే ఎర్రమట్టి, తడిపింది, సున్నం నానబెట్టింది, పసుపు నూరింది. వచ్చే పాడ్యమి లోపల పెట్టెకి ఎర్రటి జాజు పూసి, మీద సున్నంతో నెమళ్ళు దించింది. స్తంభానికి పసుపు పూసి చుక్కలు పెట్టింది. జాడీ మెడకి జాజుతో లతలు చుట్టింది. భటులు వచ్చి నోళ్ళు వెళ్ళబెట్టి, ఓహో ఈ ఇంట్లో అంతా కొత్తదే అని వెళ్ళిపోయారట. దద్దమ్మలు! పై నెలకి అది కడిగేసి నెమళ్ళ చోట చేపలు, లతల చోట చిలకలు. మళ్ళీ కొత్తదే. కంటికి నెలకో ఇల్లు, నరసాయమ్మ చేతికి మాత్రం ఎప్పటి ఇల్లే. గుబ్బ ఊడిన మూల అలాగే ఉంది, అరిగిన చోటు అలాగే ఉంది.

అక్కడితో ఆగిందా? మంట ఆరాక తట్ట పట్టుకుని బూడిదగుట్ట దగ్గరికి వెళ్ళేది. సగం కాలిన ఉయ్యాల కోడు కర్ర దొరికితే చెక్కి దీపపు స్తంభం చేసింది. తలుపు ముక్క దొరికితే నూనె రాసి గోడకి బల్ల కొట్టింది. పగిలిన కుండ మూతి గోడలో పెట్టి మెత్తి పిచ్చుకలకి గూడు చేసింది. రోజుకి ఒక్క వస్తువు ముందేసుకుని కూచునేదట. ఇవాళ గొళ్ళెం, రేపు గంట. ఎవరిదో, ఏ చేతులు పట్టుకున్నాయో అని తిప్పి తిప్పి చూస్తూ చింతపండు పెట్టి తోమేది. తోముతూ రాజుని తిట్టేది. తిట్టి తిట్టి తోమేసరికి ఇత్తడి తళతళమనేది, ఆ పిల్ల మనసు కూడా కాస్త తేటపడేది. కోపం వస్తే ఏం చెయ్యాలో తెలిసిందా కన్నారావూ? పలక విరగ్గొట్టడం కాదు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ ఇంటి పేరు ఊరంతా పాకింది. నెలనెలా సరికొత్తగా మారిపోయే ఇల్లు ఒకటుందని భటులు రాజు చెవిన వేశారు. రాజు ఉబ్బిపోయాడు. నా మాట అర్థం చేసుకున్న ఇల్లాలు ఊళ్ళో ఒక్కతైనా ఉంది, సన్మానం చేసొస్తానని, తెల్ల పట్టుపంచ కట్టుకుని పాడ్యమికి ఒకరోజు ముందే చెప్పాపెట్టకుండా దిగబడ్డాడు.

వరహాలు అప్పుడే పెట్టెకి జాజు పూసి చెయ్యి కడుక్కుంటోంది. అది మబ్బు రోజు, జాజు ఇంకా ఆరలేదు. బాబ్బాబు అక్కడ కూచోకండి అనేలోపే రాజు వెళ్ళి ఆ పెట్టె మీద చతికిలబడ్డాడు!

నవ్వకండి. నవ్వితే చెప్పను. సరే, ఒక్కసారి నవ్వండి.

లేచి చూసుకుంటే పంచ వెనకాలంతా ఎర్రగా తడి. పెట్టె మీద రంగు పోయిన చోట పాత కర్ర బయటపడింది. రాజు మొహం జాజుకన్నా ఎర్రనైంది. నన్నే మోసం చేస్తావా, ఇవన్నీ పాతవే, రేపటిదాకా కాదు ఇప్పుడే తగలబెట్టండి అని కేకలేశాడట. భటులు పాట అందుకుని పెట్టె ఎత్తారు. లోపల మంచం మీద నరసాయమ్మకి ఆ చప్పుడు వినిపించి, రెండు చేతులా మంచం పట్టె పట్టుకుంది.

అప్పుడు వరహాలు ఏం చేసిందో తెలుసా? కాళ్ళ మీద పడిందా? పడలేదు. వెళ్ళి ఆ పెట్టె మీద ఎక్కి కూచుంది. తడి జాజు మీదే! నాకూ అంటుకోనీ, నీకొక్కడికేనా అంది. రాజునే ఏకవచనంలో!

ఏమయ్యా, కొత్తదైతేనే ఇల్లంటావు గదా. కళ్ళకి గంత కట్టుకుని నీ కోటలో నీ పడకగదిలోంచి వెళ్ళి, ఎవరి సాయం లేకుండా గ్లాసుడు మంచినీళ్ళు ముంచుకుని తాగి రా. మా అత్తకి ఎలాగూ కళ్ళు లేవు, ఆవిడ మా పాతింట్లో తాగి చూపిస్తుంది. నువ్వు తాగగలిగితే ఈ ఇంటికి నేనే నిప్పు పెడతాను. తాగలేకపోతే ఈ మంటలు మానెయ్యాలి. ఇదీ దాని పందెం.

రాజు పకపకా నవ్వాడట. నా ఇంట్లో నాకు మంచినీళ్ళు తాగడం రాదా అని ఒప్పేసుకున్నాడు, పెట్టె ఉన్నచోటే దింపించాడు.

ఊ కొడుతున్నారా? గట్టిగా!

ముందు నరసాయమ్మ. పడ్డ భయం ఇంకా పోలేదు, పీట చోటు ఇంకా ఖాళీయే. అయినా కాలు కింద పెట్టింది. వరహాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది గానీ ఒక్క మాట సాయం చెయ్యలేదు, చేస్తే పందెం పోతుంది. నరసాయమ్మ చెయ్యి చాపింది. గాలి. ఇంకాస్త చాపింది. గాలి. ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది, వేళ్ళకి నున్నటి చోటు తగిలింది. అదిగో స్తంభం! ఆవిడ మొహం విప్పారిందట. స్తంభం వదిలితే పెట్టె. పెట్టె వదిలితే జాడీ. జాడీ వదిలితే బిందె. నీళ్ళు ముంచుకుని గటగటా తాగేసింది. తాగి ఊరుకోక, ఇంటికొచ్చిన మనిషికి ఉత్త నీళ్ళేవిటని చెయ్యి పైకి పెట్టి ఉట్టి మీంచి మజ్జిగ దించి, ఉప్పేసి, చుక్క ఒలక్కుండా రాజు చేతికిచ్చింది. ఇల్లు తగలబెట్టడానికి వచ్చినవాడికి! నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

తరవాత రాజు. కోటకి వెళ్ళారు, వెనకాల ఊరు ఊరంతా వెళ్ళింది. గంత కట్టారు. పాడ్యమి మంటకని పాతది ముందే బయటపెట్టేసి, కొత్త సామాను దిగి అప్పటికి రెండు రోజులు. మంచం వదిలితే ఏముంది? ఏమో. బల్లకి మోకాలు కొట్టుకుంది. బల్ల వదిలితే ఏముంది? ఏమో. అద్దానికి ముక్కు కొట్టుకుంది. పాత గుమ్మం ఇక్కడుండాలే అనుకుంటే అక్కడ గోడ కట్టించి మూడు నెలలైంది. వసారాలో కొత్త గంగాళం కాళ్ళకి తగిలి దాంట్లో కూలబడ్డాడు. లేచి, తడుముకుంటూ తడుముకుంటూ ఎక్కడికో పోయి, ఒక కుండలో చెయ్యి పెడితే తడి తగిలింది. దొరికాయి నీళ్ళు అని దోసిలితో తాగేశాడు. అది బట్టలకి పెట్టే గంజి, నీలిమందు కలిపింది! మూతి నీలం, గడ్డం నీలం.

కింద కూలబడి, కోపంతో కాదు, భయంతో అరిచాడట. ఎవరిల్లురా ఇది అని.

వంటమనిషి మెల్లిగా, తమదే ప్రభూ అన్నాడట.

ఎవ్వరూ నవ్వలేదు. రాజు గంత తీసుకుని, ఆ మూల నుంచి ఈ మూలకి ఇల్లంతా చూసుకుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

అయ్యో పాపం అనకు వేదా. నరసాయమ్మ మూడు రోజులు ఏడ్చింది, ఈయన మూడు ఘడియలు కూడా ఏడవలేదు.

మంటలు మానేస్తానని అక్కడే మాటిచ్చాడు. మాటిచ్చి, నీకు బంగారంలాంటి కొత్త మేడ కట్టిస్తానమ్మా అన్నాడు వరహాలుతో. బుద్ధి ఎక్కడికి పోతుంది! వరహాలు నీ మేడ నువ్వే ఉంచుకో, జల్లెడ పట్టుకుని నాతో రా అంది. తీసుకెళ్ళి బూడిదగుట్ట ముందు కూచోబెట్టింది. తను తోమి దాచినవి కూడా తెచ్చి అక్కడ పెట్టి, కాలిపోయింది ఎలాగూ రాదు, మిగిలిందైనా ఎవరిది వాళ్ళకి నీ చేత్తో ఇవ్వమంది.

రాజు జల్లించాడు. నెల రోజులు జల్లించాడు. గొళ్ళేలు, గుబ్బలు, గిలకలు, గంటలు దొరికితే పైకెత్తి ఇదెవరిదమ్మా అని అడిగేవాడట. చూసుకుని కొందరు తీసుకెళ్ళారు, కొందరు బూడిదే తీసుకెళ్ళారు. కవ్వం పోయినావిడకి ఏం దొరుకుతుంది? కవ్వం అంతా కర్రే కదా. ఏమీ దొరకలేదు. ఆవిడ వచ్చి నిలబడితే రాజు తలెత్తలేకపోయాడు. ఆ రాత్రి వడ్రంగి దగ్గర కూచుని, చేతులు బొబ్బలెక్కేలా ఒక కవ్వం చెక్కి తెచ్చిచ్చాడు. వంకరగా ఉందట. ఇది మా అమ్మది కాదు గదా అంది ఆవిడ. అంది గానీ, తీసుకుంది. రోజూ దాంతోనే చిలికింది.

వరహాలు ఊళ్ళో ఆడవాళ్ళకి జాజు పుయ్యడం, ముగ్గులు దించడం, విరిగినదాన్ని ఇంకోటిగా చెయ్యడం నేర్పింది. మగవాళ్ళకీ నేర్పింది, చలి కాచుకున్న చేతులతోనే సున్నం కొట్టించింది. నరసాయమ్మకి కొత్త ముక్కాలిపీట వచ్చింది. దాన్ని నమ్మడానికి ఆవిడకి ఆర్నెల్లు పట్టింది. రాజు గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక నీళ్ళ కుండ మిగిలాయి. మార్చమంటారా ప్రభూ అని పనివాళ్ళు అడిగితే, వద్దురా, ఇప్పుడిప్పుడే ఆ కుర్చీకి నేను అలవాటవుతున్నాను అనేవాడట. అందరూ సుఖంగా ఉన్నారు. వరహాలు కోపం పోయిందా అంటే, ఏడాది పట్టింది. పోవాల్సినప్పుడు పోతుంది, తొందరేం?

ఇల్లంటే కొనుక్కొచ్చి పెట్టేది కాదర్రా. రోజూ చెయ్యి వేస్తే ఇల్లవుతుంది. తెలిసిందా?

ఇంకేం లేదు. కథ కంచికి పోయింది, మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, మనింట్లోనే ఉన్నాం. పడుకోండి.