ఆలస్యంగా చెప్పినా

విజయనగరంలో వయొలిన్ నేర్పే సోమసుందరం గారికి అడిగిన ప్రశ్నకు వెంటనే బదులిచ్చే అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు.

ఆయన శిష్యురాలు సుచరిత చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోనే పాఠం చెప్పించుకుంది. ఆమె వాయించడం విన్న ఒక పెద్ద విద్వాంసుడు చెన్నై వచ్చి తన దగ్గర నేర్చుకోమన్నాడు. వెళ్ళాలనే ఉంది, కాళ్ళు కదలడం లేదు. ఒకనాటి సాయంత్రం పాఠం ముగిశాక అడిగేసింది.

"మాస్టారూ, మిమ్మల్ని వదిలి ఇంకొకరి దగ్గరికి వెళితే కృతఘ్నత కాదా?"

"అది తర్వాత చూద్దాం. ముందు మా ఇంటర్నెట్ సంగతి చూడమ్మా. పాత కచేరీ విందామని మీ పిన్నిగారు ఇందాకటి నుంచి కూర్చుంది" అన్నారాయన.

సుచరిత చూసింది. కచేరీ మొదలైందంటే ఆగకుండా సాగుతోంది. పేజీ తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది.

"లైను బాగానే ఉంది మాస్టారూ. మనం సైటు పేరు కొట్టగానే అది ఎక్కడుందో చిరునామా చెప్పే సర్వరు వేరే ఉంటుంది, డీఎన్ఎస్ అంటారు. మీకు చెప్పే సర్వరు ఆలస్యం చేస్తోంది" అంది.

అలాంటివి మరికొన్నింటిని ఆ ఇంటి నుంచే పరీక్షించి, త్వరగా బదులిచ్చినదాన్ని రౌటరులో పెట్టింది. ఈసారి తాకగానే పేజీ తెరుచుకుంది. తంబురా శ్రుతి గదిలో నిండింది.

"చల్లగా ఉండు తల్లీ" అంది ఆ పిన్నిగారు, సోమసుందరం గారి భార్య కామేశ్వరమ్మ, కళ్ళు మూసుకుని వింటూ.

ఆయన మెల్లగా అడిగారు. "ఇన్నాళ్ళూ దారి చెప్పినదాన్ని తీసేశావు. అది తప్పుడు చిరునామాలు చెప్పిందా?"

"లేదు మాస్టారూ. అన్నీ సరిగ్గానే చెప్పింది. కాస్త ఆలస్యం, అంతే."

ఆయన తన ఎడమచేతి వేళ్ళను ముడిచి, తెరిచారు. "ఇవీ అంతేనమ్మా ఈమధ్య. గమకం ఎక్కడుందో తెలుసు. చేరేసరికి ఆలస్యమవుతోంది. నువ్వు ఎప్పుడో గమనించావు, పైకి అనలేదు."

సుచరిత వంగి ఆయన పాదాలు తాకింది.

"మీరు చూపించిన చోటే ఉంది మాస్టారూ, ప్రతి స్వరమూ" అంది.

ఆయన ఆమె తల మీద చెయ్యి ఉంచారు.

"కృతఘ్నులు ఈ మాట అనరమ్మా" అన్నారు. "ప్రయాణం ఎప్పుడు?"