సూరమ్మ వెనక దారి

వినాయకుడికి ఒక దణ్ణం పెట్టుకోండమ్మా, ఈ కథ ఆయన వాహనం వాళ్లింట్లో జరిగింది. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

కోతలైపోయిన పొలంలో, గట్టు కింద ఒక ఎలుక బొరియ. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్త సూరమ్మ, కోడలు మంగతాయారు, ఇంకా కళ్లు తెరవని నలుగురు పిల్లలు. ఇంటికి ముందు వాకిలి ఉంది, ఆపదొస్తే పారిపోవడానికి వెనక సన్నటి దారి ఉంది. ఆ దారి చివర పల్చటి మట్టి పొర. తలతో ఒక్క పోటు పొడిస్తే అవతల గడ్డిలో తేలతారు. గుంటనక్క రెండుసార్లు వాకిలి తవ్వి, రెండుసార్లూ నోట్లో మట్టితోనే తిరిగిపోయిందంటే ఆ దారి పుణ్యమే.

సూరమ్మకొక అలవాటు. పొద్దు వాలేసరికి వడ్లు గాదెలోకి, ఊక బయటికి చేర్చి, వెనక దారి ఊడ్చాకే రామా అని నడుం వాల్చేది. కోడలికది చాదస్తం.

"ఏడాదికోసారి నడిచే దారికి రోజూ ఊడుపేమిటత్తా?"

"ఏ రోజు నడుస్తామో ముందే తెలిస్తే, ఆ ఒక్కరోజే ఊడ్చుకుందునే."

"మొన్న మా పిన్ని వచ్చినప్పుడు ఇల్లు అద్దంలా పెట్టలేదూ?"

"పెట్టావు. చెత్తంతా వెనక దారిలోకి తోశావని పిన్నికి తెలీదు. తీసిన నా నడుముకి తెలుసు."

గట్టు మీద తుమ్మకొమ్మన కూర్చున్న కాకి ఇదంతా విని, నేరుగా నక్క దగ్గరికి పోయింది.

"మామా, ఎలుకలు నీకు, వడ్లు నాకు. సరేనా?"

"ఆ వెనక దారి ఎక్కడ తేలుతుందో తెలియక నేను చస్తుంటే, అప్పుడే వాటాలంటావేమే? ముందు దాన్ని మూయాలి కదా."

"నువ్వు మూయక్కర్లేదు. కోడలే మూస్తుంది."

ఆ చలికాలం సూరమ్మ కీళ్లు పట్టేసి మూలన పడింది. వారం తిరక్కుండా ఇల్లంతా ఊక, ఖాళీ వెన్నులు, గోనె పీలికలు. అదిగో, సరిగ్గా అప్పుడు కాకి వచ్చి వాకిట్లో వాలి కావు కావుమంది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని మనకెంత నమ్మకమో, ఎలుకలకీ అంతే. మంగతాయారు ఉలిక్కిపడి లేచింది. చేతికందినదల్లా వెనక దారిలోకి తోసేసింది.

"అటు తోయకే తల్లీ. చుట్టాలు ఎలా ఉన్న ఇల్లు అలాగే చూస్తారు."

"రేపు పొద్దున్నే తీసేస్తానత్తా. నీ మీదొట్టు."

వచ్చేవాళ్ల ముందు కోడల్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక సూరమ్మ అటు తిరిగి పడుకుంది.

వాకిట్లో మట్టి రాలింది. మంగతాయారు నవ్వుమొహంతో ఎదురెళ్లింది. లోపలికొచ్చింది నక్క పంజా.

కోడలు వెనక్కి పరిగెత్తింది. దారి నిండా ఊక. లాగేకొద్దీ మీదికి జారుతోంది.

"పిల్లల్ని పక్కన పెట్టుకుని లాగు," అంది సూరమ్మ, కుంటుతూ లేచి. "వెనక్కి చూడకు."

"నువ్వెక్కడికత్తా?"

"వాకిట్లోకి. చుట్టాలొచ్చారుగా. ఎవరో ఒకరు పలకరించాలి."

మంగతాయారు ఒక్కొక్క పీలికా లాగింది. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు రేపు తీద్దామనుకున్నవే. మట్టి పొర పగిలి వెలుతురు పడేసరికి, వెనక నుంచి ఏ చప్పుడూ లేదు.

పిల్లలు నలుగురూ దక్కారు. గడ్డిలో నక్కి కూర్చున్న మంగతాయారుకి గట్టు మీద నక్క మాట వినపడింది: "నేను తవ్వింది సగమేనే కాకీ. మిగతా సగం ఇంటావిడే చేసిపెట్టింది."

సూరమ్మను ఆ రాముడే దగ్గరికి తీసుకుని ఉంటాడు. మంగతాయారు వేరే గట్టున బొరియ తవ్వుకుంది. ఇప్పుడు పొద్దు వాలితే వెనక దారి ఊడ్వందే కూర్చోదు. ఒకనాడు పెద్దపిల్ల అడిగింది, "ఎవరొస్తున్నారమ్మా?" అని.

"ఎవరూ రారే," అంది మంగతాయారు, తోకతో ఊడుస్తూనే. "రేపు తీస్తానని మీ నాయనమ్మ మీద ఒట్టేశాను."

వచ్చేవాళ్ల కోసం ఒక్కపూట సర్దిన ఇల్లు చూడ్డానికే బాగుంటుందమ్మా, ఉండేవాళ్ల కోసం రోజూ సర్దుకున్న ఇల్లే ఆపదలో దారిస్తుంది.