బేగడ టేపు

అప్పలాచార్యులుగారు ఏ సంగతైనా ఒక్కసారే పాడి చూపిస్తారు. రెండోసారి అడిగితే తాంబూలం పళ్లెం ముందుకు లాక్కుని తమలపాకులు తుడుచుకుంటూ కూర్చుంటారు. పిఠాపురంలో మందుల దుకాణం నడుపుకుంటూ, సాయంత్రాలు ఆయన దగ్గర సంగీతం నేర్చుకునే మృత్యుంజయానికి ఈ పద్ధతి చూస్తే ఒళ్లు మండేది. బేగడ రాగం ఆలాపన ఎంతకీ పట్టుబడక, ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు: "రెండోసారి పాడితే ఏం పోతుంది గురువుగారూ?" ఆయన ఆకు ఈనెలు తీస్తూ ఉండిపోయారు.

సరే, మీరు పాడకపోతే మీ గురువుగారే పాడతారు అనుకున్నాడు మృత్యుంజయం. కాలం చేసిన ఆ పెద్దాయన బేగడ ఒకప్పుడు రీలు టేపుగా అమ్మకానికి వచ్చిందట. అలాంటివి ఆన్‌లైన్ వేలంలో దొరుకుతాయని తెలిసింది మొదలు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మందులకి వచ్చినవాళ్లు కౌంటరు ముందు దగ్గుతూ నిలబడితే, ఇతగాడు వేలం పాడుతూ ఉండేవాడు. మొదట గెలిచిన పెట్టె మీద పెద్దాయన బొమ్మ ఉంది, లోపల ఎవరిదో బ్యాండుమేళం ఉంది. అమ్మినవాడు ఫోను ఎత్తడు, మెసేజీ పెడితే పలకడు. మృత్యుంజయం మండిపడుతూనే మళ్లీ వేలానికి దిగి, ఈసారి అసలు టేపే సంపాదించాడు. టేపు మెషీన్లు బాగుచేసే ఆయన దాన్ని వేలితో తడిమి, పూత రాలిపోతోందని, ఒక్కసారి పలికితే అదే పదివేలని చెప్పాడు.

ఒక్కసారి చాలదా? ఫోనులోకి ఎక్కించుకుంటే జీవితాంతం వినొచ్చు. మృత్యుంజయం ఆయన దగ్గరే టేపు మెషీను అద్దెకి తీసుకుని గురువుగారింటికి మోసుకెళ్లి, స్పీకరు ముందు ఫోను పెట్టి, రికార్డింగు మొదలెట్టి, టేపు మీట నొక్కాడు. పెద్దాయన గొంతు వినపడగానే ఆచార్యులుగారు చేతిలోని ఆకు కింద పెట్టేశారు. రాగం అప్పుడప్పుడే విచ్చుకుంటోంది, ఫోను మోగింది. బ్యాండుమేళం టేపు అంటగట్టినవాడు. ఇన్నాళ్లకి దొరికాడు కదా అని మృత్యుంజయం ఫోను లాక్కుని వీధరుగు మీదికి పరుగెత్తి, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. పెట్టె మీద బొమ్మ సరిగ్గానే ఉంది కదా సార్, అని వాడు విసుక్కున్నాడు. దాంతో తిట్లు ఇంకాస్త సాగాయి.

లోపలికి వచ్చేసరికి టేపు అయిపోయి, దాని కొస టపటపా కొట్టుకుంటూ రీలు తిరుగుతోంది. మెషీను మీద గోధుమరంగు పొడి రాలి ఉంది. ఫోనులో రాగం మొదలు తప్ప మరేమీ ఎక్కలేదు. వెనక్కి చుట్టి మళ్లీ పెడితే, గొంతు ఉండాల్సిన చోట బుసబుస. మృత్యుంజయానికి ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.

గురువుగారి కళ్లు తడిగా ఉన్నాయి. పెదవులు ఇంకా మెల్లగా కదులుతున్నాయి. ఆ బేగడ ఇప్పుడు ఆయన దగ్గర తప్ప ఎక్కడా లేదు. మృత్యుంజయం ఆయన కాళ్ల దగ్గర కూలబడి, మీరు విన్నది ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి పాడమని బతిమాలాడు. ఆయన శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కున్నారు. అప్పుడే ఫోను మళ్లీ మోగింది. శిష్యుడి చెయ్యి తనకి తెలియకుండానే జేబులోకి పోయింది.

"పాడతాను నాయనా," అన్నారు ఆచార్యులుగారు. "వినేదెవరు?"