గంగమ్మకు ఇచ్చిన కాకరకాయ

అనగనగా గోదావరి ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో బెల్లం వర్తకుడు గవరయ్య శెట్టి. మనిషి మంచివాడే, భక్తి కూడా ఉన్నవాడే. నోటికి మాత్రం ఎప్పుడూ తీపి కావాలి. కొట్లో కూర్చున్నంతసేపూ ఏదో ఒక దిమ్మ గిల్లి బుగ్గన పెట్టుకునేవాడు. ఎవరైనా చూస్తే, "రుచి చూడకుండా సరుకు కొంటామటయ్యా?" అనేవాడు. ఆ సరుకు కొన్నది నిన్ననే కదా అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది!

యాభై దాటాక శెట్టి, భార్య మాణిక్యమ్మతో కాశీ వెళ్లాడు. కాశీ వెళ్లినవాళ్లు తమకు ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి, ఆకు ఒకటి గంగలో వదిలి రావాలి. ఇక జన్మలో వాటిని ముట్టకూడదు. అది ఆచారం.

మాణిక్యమ్మకు పనసపండంటే ప్రాణం. దాన్నే వదిలింది. వంకాయ వదిలింది, గోంగూర వదిలింది.

శెట్టి నడుంలోతు నీళ్లలో నిలబడి గట్టిగా ఆలోచించాడు. కాయ కాకరకాయ అన్నాడు. పండు నేరేడు అన్నాడు. ఆకు మెంతికూర అన్నాడు. మూడూ ఆయన బుద్ధెరిగాక నోట పెట్టనివే. ఒడ్డెక్కి, తడి పంచె పిండుకుంటూ భార్యను చూసి నవ్వాడు.

"పిచ్చిదానా, పనసపండు వదులుకుంటారటే ఎవరైనా? నన్ను చూడు. పుణ్యమూ దక్కింది, నోరూ కట్టుకోనక్కర్లేదు."

మాణిక్యమ్మ గంగవైపు తిరిగి మరోసారి దండం పెట్టుకుంది.

కొన్నేళ్లు గడిచాయి. శెట్టికి దాహం ఎక్కువైంది. చూపు మందగించింది. కాలిలో ముల్లు గుచ్చుకుంటే ఆ పుండు ఎంతకీ మానలేదు. భయపడి వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన నాడి చూశాడు, పుండు చూశాడు.

"శెట్టిగారూ, ఇది మధుమేహం. ఇలాగే ఉంటే ముందు కాలు పోతుంది, తర్వాత ప్రాణమే పోతుంది. ఇంకా వేళ మించిపోలేదు. రోజూ కాకరకాయ రసం తాగండి."

"అయ్యో, అది కాశీలో వదిలేశానండీ."

"పోనీ, నేరేడు గింజల పొడి పుచ్చుకోండి."

"గింజైనా నేరేడుదే కదండీ! అదీ వదిలేశాను."

"సరే, మెంతికూర తినండి."

శెట్టి తల వంచుకున్నాడు. వైద్యుడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నా మందులన్నీ గంగలో కలిపి వచ్చారే! మరి బెల్లం? అదైనా వదిలారా?"

"అదొక్కటీ వదల్లేదండీ" అన్నాడు శెట్టి.

వైద్యుడు వెళ్లిపోయాక శెట్టి మంచం మీద కూలబడ్డాడు. "తింటే గంగమ్మకిచ్చిన మాట తప్పినట్టు. తినకపోతే చస్తాను. ఏం చెయ్యనే?" అన్నాడు భార్యతో.

"అసలు గంగమ్మకు మీరేం ఇచ్చారని? మీకు అక్కర్లేనివి తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పోశారు. వెళ్లి నిజం చెప్పండి. అవి వెనక్కి అడగండి. ఇవ్వాల్సింది ఇవ్వండి."

"ఈ కాలితో కాశీ ఎలా వెళ్లను?"

"గోదారమ్మకు చెప్పండి. అక్కచెల్లెళ్లేగా, కబురు అందకపోదు."

మర్నాడు పొద్దున్నే శెట్టి రేవుకు వెళ్లాడు. పుండు తడవకుండా మెట్టు మీద కూర్చుని దోసిట్లో నీళ్లు తీసుకున్నాడు.

"తల్లీ, గంగమ్మను మోసం చేశాను. ఆ మూడూ నాకు వెనక్కి ఇప్పించు. బదులుగా సున్నుండలు వదిలేస్తాను."

వెనక మెట్టు మీద మాణిక్యమ్మ దగ్గింది.

"బూరెలు కూడా వదిలేస్తాను."

మళ్లీ దగ్గింది.

శెట్టి కళ్లు మూసుకున్నాడు. "బెల్లం, తల్లీ. తీపి అన్నదేదీ ఇక నోట పెట్టను" అని దోసిట్లో నీళ్లు వదిలేశాడు. కాశీలో నవ్వుతూ ఒడ్డెక్కిన మనిషి ఇక్కడ ఏడుస్తూ లేచాడు. నిజంగానే ఏడ్చాడు పాపం.

ఆనాటి నుంచి ముఖం వంకర్లు పెడుతూనే కాకర రసం తాగాడు. నేరేడు పొడి మింగాడు. మెంతికూర తిన్నాడు. కొట్లో దిమ్మ విరిచి, రంగు చూసి, వాసన చూసి బేరమాడేవాడు. మెల్లగా పుండు మానింది. కాలు నిలిచింది.

ఆ వేసవిలో ఇంట్లో పనసపండు కోశారు. మాణిక్యమ్మ చేతులకు నూనె రాసుకుని తొనలు వలిచి, కొడుకులకూ కోడళ్లకూ పెడుతోంది. తాను ఒక్కటీ ముట్టలేదు. శెట్టి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇన్నేళ్లుగా ఈ వాసన వచ్చినప్పుడల్లా నీకు ఎలా ఉండేదే?"

"తినాలనే ఉండేదండీ. వెంటనే గంగమ్మ గుర్తొచ్చేది."

"కాకరకాయ చూసినప్పుడు నాకు గంగమ్మ ఒక్కనాడూ గుర్తు రాలేదే" అన్నాడు శెట్టి.

అక్కర్లేనివి ఎన్ని వదిలినా మనిషి మారడు. ప్రాణం పెట్టుకున్నది ఒక్కటి వదిలితే ఒళ్లూ బాగుపడుతుంది, భక్తీ నిజమవుతుంది.