అంచు అరిగిన కాణీ

కంచరి సోమలింగాచారిగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతిలో పని కింద పెట్టేవారు. పెట్టలేదంటే ఆ ప్రశ్నకు జవాబు రాదని అర్థం. ఇత్తడి పనితో పాటు బతుకు గురించి నాలుగు మాటలు నేర్చుకుందామని ఆయన్ను ఆశ్రయించినవాళ్ళం ఐదారుగురం ఉండేవాళ్ళం. మాలో పట్టాభి చురుకైనవాడు. ఆ సంగతి మాకంటే అతనికే బాగా తెలుసు. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళను చూసి ఎంచే బాధ్యత గురువుగారు అతనికే అప్పజెప్పారు. ఆ పొద్దున ముగ్గురు వస్తే, మంచినీళ్ళయినా ఇవ్వకుండా ముగ్గురినీ వెనక్కి పంపేశాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అడిగాడు: "గురువుగారూ, మీకు ఒక్క చూపుతో సరుకు తెలిసిపోయేదట. ఆ చూపు నాకెప్పటికి వస్తుంది?"

గురువుగారు సుత్తి కింద పెట్టారు. "వచ్చేసిందేమోనని భయంగా ఉందిరా," అన్నారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

నలభై ఏళ్ళ కిందటి మాట. చెల్లకుండా పోయిన పాత కాణీలను జనం మూటలు కట్టి కంచరుల దగ్గరకు తెచ్చి తూకానికి ఇచ్చేవారు. వాటిని ఏరడంలో సోమలింగాచారిగారిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. రాణి బొమ్మ ఉన్నవి మంచి రాగి, అవి ఒక కుప్ప. ఆ తర్వాతి కాలం కాణీల్లో తగరం కలిసి ఉంటుంది, అవి ఎడ్ల గంటల పోతకు ఇంకో కుప్ప. అంకెలు చెదరకుండా ఉండి, అరుదైన ఏడాదివి దొరికితే పక్కన దాచేవారు. పట్నంలో పాత నాణేలు సేకరించే షావుకారు ఒక్కోదానికి మూటెడు రాగి ఖరీదు ఇచ్చేవాడు. జనమేమో మెరిస్తే ఎక్కువ వస్తుందని చింతపండు పెట్టి తోమి తెచ్చేవారు. తోమినదాన్ని షావుకారు ముట్టుకునేవాడు కాదు. ఇలాంటి కిటుకులన్నీ ఆయనకు కొట్టిన పిండి.

ఒకరోజు సన్యాసమ్మ అనే ముసలావిడ చిన్న మూట తెచ్చింది. చూపు సరిగా ఆనదు. మూటలో ఎక్కువగా చిల్లి కాణీలే. అందులో ఒకటి అంచంతా అరిగి ఉంది. షావుకారుకు పనికిరాదు, తూకానికీ తక్కువే. దాన్ని గంటల కుప్పలోకి విసిరేశారు. డబ్బు తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఎండలో రెండు కోసులు నడిచి.

"బాబూ, అంచు నున్నగున్న సిల్లి కాణీ ఒకటి అందులో కలిసిపోనాది. ఉందేటి? మా బుల్లోడి మొలతాడుది. నడుంకి గీసుకుంటాదని ఆళ్ళయ్య రాతి మీద అరగదీసినాడు. మూడో యేటే పోనాడు బాబూ, ఆడు."

అప్పటికే ఆ కుప్ప మూసలో కరిగి, గంటలై సంతకు వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పడానికి గురువుగారికి నోరు రాలేదు. మంచి చిల్లి కాణీ ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టారు. షావుకారు కోసం దాచినదట అది. ఆవిడ దాని అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూసుకుంది. మెల్లిగా గుమ్మం మీద పెట్టేసింది.

"ఇది గీసుకుంటాది బాబూ," అని లేచి వెళ్ళిపోయింది.

ఇక్కడికి చెప్పి గురువుగారు ఆపారు. ఎప్పుడో నలభై ఏళ్ళ కింద పోయిన కాణీ కోసం నా కళ్ళు పక్కనున్న రాగి ముక్కల కుప్పలో వెతికాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. పట్టాభి మాత్రం గురువుగారి తరఫున వాదించడానికి సిద్ధమయ్యాడు. ప్రేమతోనే లెండి.

"అందులో మీ తప్పేముంది గురువుగారూ? అది ఫలానాదని కాణీ మీద రాసి ఉందా? ఆవిడే ముందు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోతే ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?"

గురువుగారు తన అరచేతుల వంక చూసుకున్నారు.

"మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ మూట విప్పి గుమ్మంలో కూర్చుంది. ఒక్కొక్క కాణీ తీసి అంచు తడుముకుంటోంది. నాకు ఆలస్యమవుతోంది. ఏరడం మా పనమ్మా, నువ్వు తక్కెడలో పొయ్యి, అన్నాను. పోసేసింది."