అచ్చు లేని వెండి

కూర్మారావుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అందుకే ఆయన ప్రయోగశాలలో ప్రశ్నలు తక్కువ, కడిగిన గాజుసామాను ఎక్కువ.

అక్కడ బూరుగు చెక్కతో వెండి రేణువులు చేస్తారు. కంటికి ఆననంత చిన్నవి. పల్చటి చెక్కముక్కను వెండి లవణం కలిపిన నీళ్లలో నానేసి వేడిచేస్తే, చెక్కలోని సన్నటి రంధ్రాల్లో వెండి రేణువులుగా కుదురుకుంటుంది. రంధ్రం ఎంతో రేణువూ అంతే. చెక్కనే అచ్చుగా వాడుకోవచ్చని మొదట తోచింది హైమవతికి. చేసి చూపించిందీ ఆమే. తరవాత ఆ పని అందుకుని, కొలతలన్నీ తీసి వ్యాసం రాసినవాడు గౌరునాయుడు. ఆ వ్యాసంలో ఆమె పేరు కొట్టేశాడు. పేరు లేకపోతే ఆమెకు డాక్టరేటు రాదని అతనికి తెలుసు.

తెలిసే గురువుగారిని అడిగాడు. "ఆలోచనదేముందండీ, ఎవరికైనా వస్తుంది. ఒళ్లు వంచి చేసినవాణ్ణి నేను. అచ్చయ్యే వ్యాసంలో హైమ పేరెందుకండీ?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "సరే, చెక్క లేకుండా చేసి పట్రా" అన్నారు.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు మన నాయుడు. అదే లవణం, అదే వేడి, చెక్కకు బదులు మరేదో మందు. వెండి ముద్దలు ముద్దలుగా కట్టి, నల్లటి మడ్డై గిన్నె అడుగున కూర్చుంది. మళ్లీ చేశాడు. మళ్లీ మడ్డే.

"అచ్చు లేందే ఎలా వస్తుందండీ!" అని ఎదురుగా కూర్చున్న గురువుగారితో విసుక్కున్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అర్థమయ్యేసరికి చెవులు వేడెక్కాయి.

సరిగ్గా అప్పుడే హైమవతి లోపలికొచ్చింది. గిన్నెలోకి తొంగిచూసి, "అయ్యో, చెక్క అయిపోయిందేటి అన్నా? అడగొచ్చు కదా! నా దగ్గర మంచి ముక్కలున్నాయి, ఉండు తెస్తాను" అంటూ గబగబా వెళ్లింది.

అంతకంటే చెంపమీద ఒకటి కొట్టినా బాగుండేది. నాయుడికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయాడు. చచ్చినవాడు ఊరుకుంటాడా? గుట్టుగా గట్టెక్కుదామని చూశాడు.

"ఇప్పుడే పేరు చేర్చేస్తానండి" అన్నాడు గురువుగారితో గొంతు తగ్గించి. "హైమకేమీ తెలీదు. తెలియక్కర్లేదు కూడా."

వరండాలో చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. కూర్మారావుగారు లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నారు.

"చేరుద్దువుగాన్లే. ముందు కొట్టేసిన సంగతి చెప్పు, నాయనా."