మునసబు పంచెలు దాచిన గురివి

అనగా అనగా, మా తాతగారి తాతకి ఇంకా బొడ్డూడని రోజుల్లో, ఏటిగట్టున ఒక ఊరు. ఆ ఊరి బట్టలన్నీ ఉతికేది గురివి. ఊఁ కొట్టండి మరి, గోడలకి చెప్పుకోడానికి రాలేదు నేను.

మునసబుగారి కోడలు పైడితల్లి నెలనెలా మూడు రోజులు కడుపు పట్టుకుని నేలమీద పొర్లేది. పెళ్లై ఆరేళ్లు, కడుపు పండలేదు.

"అందరికీ ఉండేదే," అంది అత్త. "అందరికీ ఉండేదే," అన్నాడు కషాయాలిచ్చే ఆచారి. "అందరికీ ఉండేదే," అన్నాడు మునసబు. ఆయనకెన్నిసార్లు వచ్చిందో మరి. "ఇదంతా నాటకం. పున్నమి వెళ్లగానే పుట్టింటికి పంపేసి, మావాడికి మరో పెళ్లి చేస్తాను," అన్నాడు.

"ఇంతమంది అంటుంటే నాకే అనుమానంగా ఉంది గురివీ, నాటకమేనేమో," అంది పైడితల్లి.

గురివికి ఒళ్లు మండింది. మూట దించి మునసబు ముందు నిలబడింది.

"అయ్యా, నలభై ఇళ్ల ముట్టుగుడ్డలు ఉతుకుతాను. అందరికీ ఏముంటుందో నాకు తెలుసు. ఇది అందరికీ ఉండేది కాదు. మా అక్క ఇలాగే పొర్లి పొర్లి పోయింది. ఏటవతల కోతవైద్యం చేసే నాంచారమ్మకి చూపించండి."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు మునసబు.

"చిత్తం," అంది గురివి. ఊరందరి బట్టలూ ఉతికి ఇచ్చింది. ఆయన పంచెలు మాత్రం, కోడలిని నాంచారమ్మకి చూపించేదాకా ఇచ్చేది లేదని, మూటలోనే ఉంచేసింది. ఇంట్లో ఉతికించుకుంటే మునసబు పరువేం కాను?

మొదటి రోజు కచేరీకి దుప్పటి కట్టుకొచ్చాడు. రెండో రోజు గోనెపట్టా. మూడో రోజు పెళ్లాం జరీచీర కట్టుకొచ్చి, తీర్పు చెబుతూ కుచ్చిళ్లు తొక్కుకుని బోర్లా పడ్డాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ పూటే కోడల్ని ఏటవతలికి పంపడానికి బండి కట్టించాడు.

నాంచారమ్మ మత్తుమందు తాగించి కడుపు కోసి చూసింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే బయట మొలిచి, పేగుల మీదికి పాకింది. నెలనెలా దాన్నుంచీ నెత్తురు కారుతోంది. ఆ నెత్తురికి బయటికి దారి లేదు. లోపలే పుండై, పేగునీ సంచినీ అతికించేసింది. నాంచారమ్మ ఓపిగ్గా అతుకులు విడదీసి, మొలిచిందంతా కోసి తీసి, కుట్లు వేసింది.

"ఎందుకొస్తుందమ్మా ఇది?" అని అడిగింది వెంట వెళ్లిన గురివి.

"నాకూ తెలీదే. మళ్లీ మొలిచినా మొలవచ్చు. నాటకం మాత్రం కాదని మీ మునసబుకి చెప్పు."

గురివి చెప్పింది. ఉతికి మడతపెట్టిన పంచెలు చేతికిస్తూ చెప్పింది. మునసబు తల దించుకుని తీసుకున్నాడు. మరో పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు.

పిల్లలు పుట్టారా అంటారా? పుట్టలేదు. కానీ పైడితల్లి నెలకి ముప్ఫై రోజులూ నిటారుగా నడిచింది. అది చాలదూ?

గురివి పోయిన రోజున ఆవిడ బట్టలు రేవులో ఉతికింది పైడితల్లే.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఆడపిల్ల కడుపునొప్పి అంటే "అందరికీ ఉండేదే" అనడానికి భయపడతారు. ఎవడైనా నోరు జారాడా, పక్కనున్న ముసలమ్మ నెమ్మదిగా అడుగుతుంది.

"నాయనా, నీ పంచెలు ఎక్కడున్నాయో చూసుకున్నావా?"